చివరి రోజు మాటలు తొమ్మిది

కలం పట్టుకునే ఓపిక పోయాక ఆవిడ రోజూ కంప్యూటర్‌లో నాలుగు ముక్కలు రాసుకునేది. "నేను రాసినవి నాకే దొరకట్లేదండీ, వెతకడానికి ఏదైనా చేసిపెట్టండి" అని భర్తను అడిగింది. ఇరవై ఏళ్లుగా కంపెనీల కాగితాలు వెతికే ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకుంటున్న మనిషికి అదెంత పని! సెర్చ్ లైబ్రరీ అని, వెతికిపెట్టే రెడీమేడ్ ప్రోగ్రాము ఒకటి తెచ్చి ఒక్క పూటలో బిగించాడు. ఆవిడ మురిసిపోయింది.

ఆవిడ పోయిన నెలకు పాత ల్యాప్‌టాప్ మూలగడం మొదలుపెట్టింది. ఆవిడ రాతలన్నీ అందులోనే ఉన్నాయనుకుని సెర్చ్ ఫోల్డర్‌ను మాత్రం కొత్తదాంట్లోకి ఎక్కించి 'పొద్దున' అని కొట్టి చూశాడు. మూడువందల రోజులు దొరికాయి. ఒక్కటీ తెరవలేదు. అంతా భద్రంగా ఉందనుకుని పాతదాంట్లో ఉన్నదంతా శుభ్రంగా తుడిచేసి, దాన్ని ఎవరికో ఇచ్చేశాడు, మహానుభావుడు.

ఆదివారం మధ్యాహ్నం కూతురు ఫోన్ చేసింది. రెండో ఆపరేషన్ చేయించుకోమని తల్లితో పోట్లాడి, ఆవిడ ససేమిరా అంటే విసురుగా వెళ్లిపోయి, అంతా అయిపోయాక వచ్చిన పిల్ల. "నాన్నా, చివర్లో అమ్మ నా గురించేమైనా రాసిందా? ఎంత తిట్టినా పర్వాలేదు, చదివి చెప్పు."

"వెతికి రేపు చెప్తానమ్మా" అన్నాడు.

'అమ్మాయి' అని కొట్టాడు. ఆవిడ రాసిన చివరి రోజు దొరికింది. తెరిస్తే ఖాళీ. మళ్లీ కొట్టాడు, ఖాళీ. లైబ్రరీ పాడైందని దాన్ని తిట్టి, కొత్తది వేసి, సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. చివరికి తాను రాసిన సెట్టింగులు తెరిచి చూశాడు. అసలు పాఠం భద్రపరచొద్దు, మాటల వరస భద్రపరచొద్దు అని ఉంది. ఆఫీసులో చోటు మిగలడానికి ఎప్పుడూ అలాగే పెడతాడు; అక్కడ అసలు కాగితాలు ఇంకోచోట పదిలంగా ఉంటాయి. చేతి అలవాటుగా ఇంట్లోనూ అదే పెట్టాడు. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక మిగిలింది, పేజీలు పోయాయి. పేజీలు చింపింది తానే. తల బాదుకుని ఏడ్చాడు.

మర్నాడు ఆ పట్టికలోని మాటలన్నిటినీ జల్లెడ పట్టి, చివరి రోజువి ఏరాడు. అక్షరక్రమంలో తొమ్మిది వచ్చాయి: అమ్మాయి, ఎదురు, కిటికీలోంచి, కోపం, చూశాను, నిద్ర, పొద్దున, రేపు, వస్తుంది. వాటిని కాగితం మీద రాసుకుని అటూ ఇటూ పేర్చాడు. కోపం దగ్గర చెయ్యి ఆగింది. దాని మీద బొటనవేలు పెట్టి కూతురికి ఫోన్ చేశాడు.

"దొరికిందమ్మా. విను. 'పొద్దున కిటికీలోంచి ఎదురు చూశాను. అమ్మాయి రేపు వస్తుంది.'"

అవతల వెక్కి వెక్కి ఏడుపు. తండ్రికీ కాస్త ఊపిరి ఆడింది.

"ఇంకొక్కసారి చదువు నాన్నా."

"'రేపు పొద్దున అమ్మాయి వస్తుంది. కిటికీలోంచి…'"

ఏడుపు ఠక్కున ఆగింది. "ఇందాక అలా చదవలేదే."

అతను జరిగిందంతా చెప్పేశాడు. "మాటలు మీ అమ్మవే తల్లీ. వరస నాది."

"నువ్వేం పేర్చొద్దు. ఉన్నవి ఉన్నట్టు చదువు" అంది కూతురు.

చదివాడు. నాలుగో మాట దగ్గర వేలు తీసి చదివాడు. తొమ్మిదీ అయ్యాయి.

"కోపం ఎవరి మీద నాన్నా?"

"ఆ మాట ఉందని మాత్రమే పట్టిక చెప్తోందమ్మా" అన్నాడు. "ఎవరి మీదో ఇక మనకు తెలియదు."