పాలు పొంగని ఫ్లాటు

నేను ఒక తాళం కప్పను. అలీగఢ్‌లో ఒక ఇరుకు వీధి కార్ఖానాలో ఇత్తడి కరిగించి నన్ను పోత పోశారు. కడుపులో ఆరు లీవర్లు అమర్చి, రెండు తాళంచెవులు తోడిచ్చి, విజయవాడ లారీ ఎక్కించారు. వన్‌టౌన్‌లో నన్ను కొన్న మనిషి పేరు వీరభద్రం. జాకెట్లు కుట్టే టైలరు. చెవి పెట్టి పదిసార్లు తిప్పి చూసి, ఆపైన బేరమాడి మరీ కొన్నాడు. ఈయన దగ్గర నాకు చేతినిండా పని ఉంటుందని మురిసిపోయాను.

తీరా చూస్తే తొమ్మిదేళ్ళు ఆయన షాపు గోడ మేకుకు వేలాడాను. కృష్ణలంకలో ఆయనకి రెండు గదుల డాబా ఉండేది. అందులో ఆసుపత్రి నర్సు ఎలీషమ్మ అద్దెకుండేది. ఇల్లు ఖాళీగా ఉంటేనే కదా నాకు పని! నేను ఊరికే వేలాడినన్నాళ్ళూ యజమానికి నెలకు ఏడువేలు వచ్చేవి. ఆయన భార్య సువర్చల ఆ డబ్బు ముట్టుకోనిచ్చేది కాదు. "సూదిలోకి దారం ఎక్కని రోజు మీకూ వస్తుంది. ఆ రోజు మనకి అన్నం పెట్టేది ఈ అద్దేనండీ" అనేది. వీరభద్రం నవ్వేవాడు. దారం కొస నోట్లో తడిపి ఒక్క విసురులో ఎక్కించే చేయి ఆయనది.

ఈలోగా ఒక బ్రోకరు దాపురించాడు. "అద్దె అంటే చిల్లర, మాస్టారూ. అసలు విలువ పెరిగే చోట పెట్టాలి. బైపాస్ పక్కన ఫ్లాట్లు లేస్తున్నాయి, నాలుగేళ్ళలో ముప్ఫై లక్షలది యాభై కాకపోతే నన్నడగండి" అని రోజూ చెవిలో జోరీగలా మోత. డాబా అమ్మేశారు. సువర్చల దాచినదంతా కలిపి ఫ్లాటుకి కట్టారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు ఎలీషమ్మ షాపు తలుపు దగ్గర నిలబడి, "అన్నయ్య గారూ, ఏనాడన్నా ఒకటో తారీఖు తప్పానా?" అని అడిగింది. వీరభద్రం మేకు మీద నుంచి నన్ను తీసి జేబులో వేసుకున్నాడు. ఆవిడ ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

బిల్డరు పెట్టిన తాళాన్ని నమ్మక, కొత్త ఫ్లాటు తలుపుకి గడియ కొట్టించి నన్నే వేశారు. నాలుగో అంతస్తు. సువర్చల పాలగిన్నె కొనుక్కొచ్చింది.

"మంచిరోజు చూసి పాలు పొంగిద్దామండీ. తర్వాత అద్దెకిద్దాం."

"నీకు తెలీదే. పాలు పొంగిన ఇల్లంటే వాడిన ఇల్లే. కొనేవాడు తన చేత్తో పొంగించుకోవాలనుకుంటాడు. కొత్తగా ఉంటేనే రేటు."

పాలగిన్నె అట్టపెట్టెలోనే ఉండిపోయింది. ఆలుమగలు టైలరింగ్ షాపు వెనక అద్దె గదిలోనే కాపురం సాగించారు. సొంత ఫ్లాటుకి నేను కాపలా. ప్రతి ఆదివారం వీరభద్రం వచ్చేవాడు, చెప్పులు బయట విడిచి, లోపల గచ్చు మీద కూర్చునేవాడు. కుళాయి తిప్పేవాడు కాదు, మరకలు పడతాయని. దాహమేస్తే కిందకి దిగి కొట్లో సోడా తాగేవాడు. మనుషుల తెలివి చూస్తే నాకు ఒక్కోసారి చిలుము పట్టినంత పనవుతుంది.

రెండో ఏడు ఒకాయన ముప్ఫైమూడు లక్షలకి అడిగాడు. వీరభద్రం నలభై అన్నాడు. మరుసటేడు అదే బిల్డరు పక్కనే ఇంకో బ్లాకు లేపి, సరికొత్త ఫ్లాట్లు ఇరవైతొమ్మిదికి పెట్టాడు. ఆ తర్వాత అడిగినవాళ్ళు లేరు. మెయింటెనెన్సు మాత్రం నెలనెలా కట్టాల్సి వచ్చేది. ఆయన మాత్రం, "పెరుగుతుంది, ఆగాలి" అని తలుపుతోనే చెప్పుకునేవాడు.

అయిదో ఏడు నా ఒంటి మీద ఒక గీత పడింది. తాళంచెవి కన్నం పక్కన, సన్నగా. పై ఆదివారం ఇంకోటి. చెవి తిన్నగా కన్నంలోకి రాకుండా పక్కన గీరుకుంటోంది. నాకు భయం వేసింది. సూది కన్నం చూసిన కళ్ళకి నా కన్నం ఆనడం లేదు! ఆ సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. చెప్పే నోరు నాకేది? ఆయన ఇంట్లోనూ చెప్పలేదు. షాపులో జాకెట్లు తిరిగొస్తున్నా, లైటు సరిగ్గా లేదని దబాయించాడట.

ఒక ఆదివారం సువర్చల వెంట వచ్చింది. ఆయన చెవి పెట్టాడు, తప్పింది. నాలుగుసార్లు పెట్టాడు, నాలుగుసార్లూ తప్పింది. ఆవిడ ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుని కన్నం దాకా తెచ్చింది. మర్నాడు డాక్టరు కళ్ళకి నీటికాసులు, అదే గ్లకోమా, అన్నాడట. పోయిన చూపు తిరిగి రాదన్నాడట.

షాపు మూసేశారు. ఫ్లాటుకి ఆరువేలకి ఒక కుటుంబం అద్దెకి కుదిరింది. వాళ్ళు దిగే ముందురోజు పొద్దున్నే సువర్చల స్టవ్వు, ఆ పాత అట్టపెట్టె తెచ్చింది. నన్ను తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. వీరభద్రం గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంక దీని రేటు..." అని నసిగాడు.

"రేటు సంగతి వదిలేయండి. అద్దెకొచ్చేవాళ్ళ కంటే ముందు మన పాలు పొంగాలి."

పాలు పొంగాయి. ఆ చప్పుడుకి ఆయన తల ఎత్తాడు.

"ఎటు పొంగాయే?"

తూర్పుకి పొంగితే ఇల్లు కలిసొస్తుందని వీళ్ళ నమ్మకం. గట్టు మీద నేను గిన్నెకి పడమటి వైపున ఉన్నాను. వేడి పాలు సర్రున జారి వచ్చి నా ఒళ్ళంతా తడిపాయి.

"తూర్పుకేనండీ" అంది సువర్చల, కొంగుతో నన్ను తుడుస్తూ.