ఒక్క కెలా కోసం

మా ఆయన దాసుకి రిటైరయ్యాక పట్టిన పిచ్చి పేరు ఫ్లై ఫిషింగ్. గాలానికి ఈకలూ ఉన్నీ చుట్టి, దొంగ పురుగులు చేసి చేపల్ని మోసం చేయడమన్నమాట. పోనీ పట్టింది ఇంటికి తెస్తాడా అంటే, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాడు. కూరకి రాని చేప కోసం మలేషియాలో మా ఊరు తెలుక్ ఇంటాన్ నుంచి ఆ కొండల దాకా పెట్రోలు తగలేయడం ఏమిటని నేను సణగని వారం లేదు.

ఈసారి మాత్రం సణగలేదు. ఆయన వెళ్ళే కొండ ఏటికి ఎగువన అడవి కొట్టేస్తారట. ఏటిలో కెలా చేపలు ఇంకా బతుకుతున్నాయని తేలితే ఆ అడవిని ముట్టుకోనివ్వరు. కానీ ఏడాదిగా ఒక్క కెలా ఎవరి కంటా పడలేదు. చేపల ఆఫీసులో శివనేశన్ అనే కుర్ర ఆఫీసరు, ఒక్కటి పట్టి, ఫోటో తీసి ప్రాణంతో వదిలితే చాలు, సర్వేవాళ్ళని పంపిస్తానన్నాడు. నెలాఖరుకి ఫైలు పైకి వెళ్ళిపోతుంది. ఫోటో తీయడానికని నేనూ బయల్దేరాను.

అక్టోబరు వానలకి ఏరు పాలు పోసిన టీ రంగులో ఉంది. ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, తల మీదుగా దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపాడు. దాని చివర నా ఎర్ర ఉన్నితో చేసిన దొంగ పామాయిల్ పండు ఉంది. కెలాకి పళ్ళంటే ప్రాణం. కానీ ఒట్టి అనుమానపు చేప, నిజం పండునైనా చుట్టూ తిరిగి చూసుకుంటే గానీ నోట పెట్టదు. ఇక సాయంత్రం దాకా ఇంతే అనుకుని నేను బండ మీద చతికిలబడి బిస్కెట్ల పొట్లం విప్పాను.

మొదటి విసురుకే కర్ర వంగిపోయింది.

నేను కేక పెట్టాను గానీ ఆయన నుదురు చిట్లించి దారం లాగాడు. చేప పెద్దగా పెనుగులాడకుండానే వచ్చేసింది. పెద్ద తల, సన్నటి ఒళ్ళు, బంగారు రంగు పొలుసులు. నీళ్ళలోనే రెండు చేతులతో పట్టుకుంటే నేను ఫోటో తీశాను. మా పెళ్ళి ఫోటో కూడా అంత బాగా రాలేదు.

వదలగానే అది పక్కకి ఒరిగిపోయింది. ఆయన దాని తలని ప్రవాహానికి ఎదురుగా పెట్టి, మొప్పల్లోకి నీళ్ళు ఆడేలా పట్టుకుని చాలాసేపు అలా వంగే ఉన్నాడు. చివరికి ఒడ్డుకి తెచ్చి ఆకుల మీద పడుకోబెట్టాడు. ఆయన మొహం చూడలేక నాకు ఆ చేప మీద కోపం వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా చెప్పాను. ఫోటోలో అది బతికే ఉంది, అదే చాలు.

"వొదిలేస్తే ఈదుకుంటా ఎల్లిపోనాదని సెప్పు మావా. అడివి నిలబడతాది లా. ఎవులికి నష్టం?"

ఆయన తలూపాడు.

సోమవారం ఆ ఫోటో చూసి శివనేశన్ సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచాడు. మాకు కాఫీ తెప్పించాడు. రిపోర్టు రాయడానికి కూర్చుని, వదిలేశాక ప్రాణంతోనే వెళ్ళిందా అని తమిళంలో అడిగాడు. నేను మా ఆయన మోకాలిని తట్టాను. ఆయన మాత్రం చచ్చిపోయిందని చెప్పేశాడు.

పాపం, ఆ కుర్రాడు ఇంకోసారి అడిగాడు. ఈయన అదే చెప్పాడు. చచ్చిన చేపని చూపించి ఏటిలో కెలాలు బతుకుతున్నాయని రాయలేనని, ఇక తన చేతుల్లో ఏమీ లేదని అన్నాడు శివనేశన్.

బయటికొచ్చాక పార్కింగులో నిలబెట్టి దులిపేశాను. అడవి కంటే నీకు నీ నిజమే ఎక్కువైందా అన్నాను. సర్వే పేరు చెప్పి చెట్లు కొట్టడం కొన్నాళ్ళైనా ఆగేది కదా అన్నాను. అంతా విని, కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"కడుపు నిండిన కెలా మొదటి విసురుకి రాదే. ఆ ఏటిలో తిండి లేదు. అది ఆకలికి వొచ్చినాది," అన్నాడు. "ఇంకోటి ఉన్నాదనుకుంటే ఎంత అబద్దమైనా ఆడుదును యోగేశ్వరీ."

నేను ఆ ఫోటో మళ్ళీ తీసి, చేప సన్నటి ఒంటి వంక చూశాను.