తండ్రి పేరు పట్టేంత

అనంతపురంలో మందుల షాపు మేడమీద ఉన్న ఆఫీసులో మల్లీశ్వరి రోజూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని ట్యాగుల అంచులు సవరిస్తూ ఉంటుంది. నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ల ఫోన్లలో వచ్చే యాప్ కోసం ఆ పని. ఎవరికి నీళ్లు కావాలో వాళ్ల పేరు ఒక చిన్న డబ్బాలో కనిపిస్తుంది. ఆ డబ్బానే ట్యాగు. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికొక కుళ్లాయప్ప ఉంటాడు కాబట్టి పక్కన తండ్రి పేరు రాయక తప్పదు.

యజమాని ప్రవీణ్‌కు మాత్రం ట్యాగులన్నీ ఒకే వెడల్పులో ఉండాలి. పట్టని పేరు చివర మూడు చుక్కలు పెట్టించాడు. ఆ మర్నాటి నుంచే, పేరు తెగిన తండ్రులు వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అందరూ ఎప్పుడో పోయినవాళ్లే. తలగుడ్డలు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. ఊడ్చే సుంకమ్మ "కాళ్లు తియ్యండప్పా" అని గదమాయించి తన పని తాను చేసుకునేది.

వాళ్లలో మల్లీశ్వరి నాయన చెన్నకేశవులు కూడా ఉన్నాడు. పోయి మూడేళ్లయింది. ఆమె ఆయన్ను లోపలికి పిలిచి తన పక్కనే స్టూలు వేసింది. నాయన వచ్చిన సంగతి ఊళ్లో ఉన్న తమ్ముడికీ చెప్పింది. మాటా పలుకూ లేకపోయినా, ఆ బీడీ వాసన పక్కన ఉంటే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టుండేది.

అంతలో ఊళ్లో బత్తాయి తోట చూసుకునే ఆ తమ్ముడు కుళ్లాయప్ప ఫోన్ చేశాడు. "అక్కా, వారమాయ, ట్యాంకర్ రాలే. చెన్నప్ప కొడుకు కుళ్లాయప్ప తోటకే పోతాండాది. మన చీనీ చెట్లు ఇంగ నాలుగు దినాలు కూడా బతకవు."

డ్రైవర్ ఐజాక్‌ను అడిగింది. "రెండు ట్యాగుల్లోనూ 'కుళ్లాయప్ప, తండ్రి చె...' అనే ఉండాదక్కా. ఒకే పేరు రెండుసార్లు పడిందని ఒకటి తీసేస్తాండా" అన్నాడు.

ఆమె ప్రవీణ్ దగ్గరికి పోయింది. "పేరెంతుంటే ట్యాగు అంతుండనీ అన్నా."

"వరసలు ఎగుడుదిగుడైతాయి మల్లీశ్వరీ, చూసేకి బాగుండదు. రెండక్షరాలు పెంచు, చాలు."

పెంచింది. మెట్ల మీది తండ్రులు ఒక్కొక్కరే లేచి, పంచె దులుపుకుని దిగి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి మెట్లు ఖాళీ. స్టూలు మీద నాయన ఒక్కడే మిగిలాడు. చెన్నప్ప పేరు పూర్తిగా పట్టింది. తమ్ముడిది మాత్రం 'చెన్న...' దగ్గరే తెగింది. ఐజాక్ కంటికి అది ఇంకా చెన్నప్పే.

ట్యాగు అంచు ఇంకాస్త జరిపితే పని అయిపోతుంది. ఆమెకు చెయ్యాడలేదు. తమ్ముడి తోట ఎండిపోతోందని తెలిసీ తను ఇలా కూర్చున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యాడలేదు.

"నేను నాటిన చెట్లు పాపా అవి" అన్నాడు నాయన. వచ్చినప్పటి నుంచి ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"జరిపితే నువ్వు పోతావు నాయనా."

"పోయినోణ్నే కదమ్మా."

మల్లీశ్వరి ఏడుస్తూనే అంచు పట్టుకుని లాగింది. చివరి అక్షరం కనబడేదాకా ఆయన వైపు తిరిగి చూసే ధైర్యం చెయ్యలేదు. ప్రవీణ్ వచ్చి వంకర వరసలు చూసి నోరు తెరిచాడు గానీ, స్టూలు ఖాళీగా ఉండటం చూసి వెనక్కి మళ్లాడు.

సాయంత్రం తమ్ముడి ఫోన్. "అక్కా, పాదులు నిండినాయి! చెట్లు బతికినాయని నాయనకు చెప్పు."

"చెప్పేకి లేడురా. పోయినాడు."

అవతల నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది.