తోక తెగిన మాట

ఐదు గంటలకల్లా బాయిలర్ మేస్త్రీ చేతిలో పడాల్సిన మెమో అది. హెడ్డాఫీసు నుంచి విచారణకు వచ్చిన ఆఫీసరు చిత్తు రాసి టైపు చేయమని ఇచ్చాడు. లాండ్రీ టైపిస్టు రెండు లైన్లు కొట్టి ఆగిపోయింది. ఆవిరి వాల్వు మూయడం మర్చిపోయి నలభై దుప్పట్లు మాడ్చినందుకు మేస్త్రీని ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు.

మర్చిపోయింది మేస్త్రీ కాదు. ఆయన భోజనానికి వెళ్లినప్పుడు వాల్వు తెరిచి మూయడం మర్చిపోయింది సూపర్‌వైజర్. ఆ సంగతి సూపర్‌వైజరే తెలుగులో చెప్పాడు. ఇంగ్లీషులో రిపోర్టు కొట్టింది తను.

ఆ రిపోర్టు కాపీ బయటికి తీసింది. మేస్త్రీ వచ్చేసరికే దుప్పట్లు మాడిపోయి ఉన్నాయి అని ఉండాల్సిన చోట ఉత్త ‘బర్న్‌డ్’ ఉంది. ముందు ‘హ్యాడ్’ లేదు. అది లేకపోయేసరికి మేస్త్రీ వచ్చాకే దుప్పట్లు మాడినట్టుంది. కింది వాక్యం మరీ ఘోరం. సూపర్‌వైజర్ మేస్త్రీతో ‘హీ ఫర్గాట్’ అని చెప్పాడట. రిపోర్టులో ‘ఐ’ వాడకూడదని ఆఫీసు నియమం కాబట్టి ఆమె ‘హీ’ పెట్టింది. మర్చిపోయిన ఆ ‘హీ’ ఎవరు? ఇద్దరూ మగవాళ్లే. ఆఫీసరు వాక్యంలో ‘హీ’కి దగ్గర్లో ఉన్న మేస్త్రీని పట్టుకున్నాడు.

గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. ఆమె మెమో చిత్తు, సొరుగులోంచి సూపర్‌వైజర్ మాటలు తెలుగులో రాసుకున్న నోట్‌బుక్కు తీసుకుని ఆయన గదికి వెళ్లింది. ఆయన రిపోర్టు మీద సంతకం పెట్టిన రోజే ఆ వాక్యం రెండుసార్లు చదివానని ఒప్పుకున్నాడు.

“నేను అబద్ధం ఆడలేదు కదమ్మా. చదివినవాళ్లు అలా అనుకుంటే నా తప్పా?”

“తప్పు నాదేనండీ. దిద్దడానికి ఆఫీసరుగారి దగ్గరికే వెళ్తున్నా. మీరూ వస్తే బావుంటుంది.”

ఆయన కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాడు మాత్రం.

ఆఫీసరు నోట్‌బుక్కులో ఆమె గీత గీసిన వాక్యం పైకి చదివాడు. ‘వాల్వు మూయడం మర్చిపోయానని మేస్త్రీతో అప్పుడే చెప్పాను.’ చదివి కళ్లజోడు తీశాడు.

“ఇందులోనూ మర్చిపోయింది నేను అని లేదేం?”

“అక్కర్లేదండీ. మన మాటకి తోక ఉంటుంది. ‘మర్చిపోయాను’ అంటే చెప్పేవాడు, ‘మర్చిపోయాడు’ అంటే ఇంకొకడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ తోక తెగిపోయింది. అక్కడ పేరో హోదానో పెట్టి అతికించాల్సింది నేను. పెట్టలేదు.”

ఆఫీసరు సూపర్‌వైజర్ వైపు తిరిగాడు. ఆ రోజు మేస్త్రీతో సరిగ్గా ఏ మాట అన్నారో అదే అనమన్నాడు.

సూపర్‌వైజర్ నేల చూపులు చూశాడు. కింద ఉతికే మిషన్లు తిరుగుతున్న చప్పుడు గదిలోకి సన్నగా వినిపిస్తోంది. ఆయనకిప్పుడు కావాలంటే తోక మార్చడం ఎంతసేపు? ఒక్క అక్షరం.

“మర్చిపోయానండీ,” అన్నాడు.

ఆఫీసరు చిత్తు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. మిగతా విషయం మీతో విడిగా మాట్లాడతానని సూపర్‌వైజర్‌తో అన్నాడు.

ఐదు గంటలకు మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ టైపిస్టు బల్ల దగ్గరికి వచ్చాడు. ఆఫీసరు తన పేరుమీద ఏదో కాగితం పంపిస్తాడని ఎవరో అన్నారట.

“లేదు బాబాయ్. ఇంగ్లీషులో ఒక మాట తప్పు కొట్టాను. ఇప్పుడు దిద్దుతున్నా.”

“ఓస్, అంతేనా? మళ్లీ వాల్వు గొడవేమో అనుకున్నా,” అని ఆయన కిందికి దిగిపోయాడు.

ఆమె కొత్త కాగితం ఎక్కించి, పాత రిపోర్టు కాపీలో ముందుగా ‘హ్యాడ్’ చేర్చాల్సిన చోటు వేలితో వెతుక్కుంది.