గడప మీది తడి

“మళ్ళీ గడప తడిపావా?” అంటూ అత్తగారు తుడుపుగుడ్డ కోడలి కాళ్ళ దగ్గర పడేసింది.

ఆమె వంగి తుడిచింది. మూడు రోజులకోసారి ఇదే తంతు. పొద్దున ఆరింటికి ఉపగ్రహం మట్టిలో తడి కొలుస్తూ పొలాల మీదుగా వెళ్తుంది. సరిగ్గా ఆ వేళకే ఆమె పైరులో దిగి, మట్టి తవ్వి డబ్బాలకెత్తాలి. తూచి, ఆఫీసు ఓవెన్‌లో రోజంతా ఆరబెట్టి మళ్ళీ తూస్తే, తగ్గిన బరువే మట్టిలోని నీరు. పైనుంచి చూసింది నిజమో కాదో కిందినుంచి చెప్పే పని అది. ఇంటిల్లిపాది వంటా అంతకుముందే ముగించాలి. “పైనుంచి అంతా కనపడుతుంటే నువ్వెందుకు బురద పిసకడం? ఇంతోటిదానికి అంత చదువా!” అని భర్త వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వేవాడు. ఆఫీసులోనూ ఆమె పేరు డబ్బాల మేడమే. ఉపగ్రహం మ్యాపులు తీసేవాళ్ళకు ఏసీ గది, ఆమెకు మెట్ల కింద బల్ల.

ఆ వారం ఆ బల్ల దగ్గరే ఆమెకు దిగులు పట్టుకుంది. తూర్పు పొలాల మట్టిలో కావలసినంత తడి ఉందని మ్యాపు చెబుతోంది. ఎండిపోయిందని డబ్బాలు చెబుతున్నాయి. “చేత్తో కొలిచేవి కదమ్మా, అటూ ఇటూ అవుతాయి,” అని డైరెక్టరు కొట్టిపారేశాడు. శుక్రవారం కాలువల ఇంజనీరుతో జరిగే మీటింగులో మ్యాపు మాటే నెగ్గితే తూర్పు కాలువకు ఇంకో పదిహేను రోజులు నీళ్ళు వదలరు. గింజ పాలుపోసుకునే సమయం. పైరు దక్కదు.

గురువారం సాయంత్రం, పొలంలో మరిచిపోయిన డబ్బా కోసం వెళ్ళి వచ్చింది. అత్తగారు గడప వంక చూసి మూతి తిప్పింది. “చూశావా, ఇప్పుడు పొడిగానే వచ్చావు! పొద్దునైతే ఎక్కడ లేని తడీ మోసుకొస్తావు. కావాలని కాకపోతే ఏంటి?”

ఆ తిట్టు తగలవలసినచోట తగల్లేదు. ఆమె అక్కడే నిలబడిపోయింది. వానపడి ఇరవై రోజులైంది. పొద్దున ఆమెను మోకాళ్ళ దాకా తడిపేది మంచు. అది ఆకుల మీద ఉంది, మట్టిలో లేదు. ఉపగ్రహం దాన్నీ మట్టి తడే అనుకుంటోంది!

మర్నాడు మీటింగుకు ముందే ఆమె, ఉపగ్రహం సాయంత్రం మళ్ళీ అటుగా వెళ్ళేటప్పుడు తీసిన, ఎవరూ పట్టించుకోని మ్యాపులు కూడా తీసి పెట్టుకుంది.

“అందరికీ టీలు చెప్పమ్మా,” అన్నాడు డైరెక్టరు.

ఆమె చెప్పలేదు. లేచి వెళ్ళి రెండు మ్యాపులు తెర మీద పక్కపక్కన పెట్టింది.

“ఇది పొద్దున తీసింది, ఇది ముందురోజు సాయంత్రం. రాత్రి వాన లేదు, కాలువలో చుక్క లేదు. సాయంత్రం ఎండిపోయి ఉన్న మట్టి, తెల్లారేసరికి దానంతటదే తడిసిపోతుందా సార్?”

కాలువల ఇంజనీరు ఫక్కున నవ్వాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “డబ్బాలు ఏమంటున్నాయి మేడమ్?”

ఇన్నేళ్ళలో డబ్బాల మాట అడిగినవాళ్ళు లేరు. ఆమె కాగితం చూడకుండా పదకొండు డబ్బాల అంకెలూ గడగడా చెప్పేసింది. తన తెలివి తనకే ముద్దొచ్చింది.

తూర్పు కాలువకు ఆ రోజే నీళ్ళు వదలమన్నారు.

“భలే పట్టారే! ఎలా తట్టింది?” అన్నాడు ఇంజనీరు.

“మా అత్తగారు చెప్పారండీ,” అంది ఆమె. అబద్ధం కాదు మరి.

తర్వాతిసారి పొద్దున ఆమె పొలం నుంచి ఇల్లు చేరేసరికి తుడుపుగుడ్డ గడప పక్కన సిద్ధంగా ఉంది. దాన్ని దాటి, తడికాళ్ళతోనే లోపలికి నడిచింది. భర్త పేపరు దించి చూశాడు.

“ఇదంతా ఎవరు తుడుస్తారే?” అంది అత్తగారు.

“తుడవక్కర్లేదత్తయ్యా, పదింటికల్లా అదే ఆరిపోతుంది,” అంది ఆమె. “కొలిచాను.”