లాభమను మాట

మాఘమాసాంతమున శిశిరము తన మంచుతెరను మెల్లమెల్లగా చుట్టుకొని వసంతునకు త్రోవ విడుచుచుండగా కోతలు ముగిసిన గౌతమీసీమ క్షేత్రములు పంటభారమును దించుకొని విశ్రాంతి ననుభవించు బాలింతరాలివలె ప్రశాంతగంభీరశోభతో పరుండియుండెను. ప్రాచీదిగంతమున నుదయించు బాలభానుని యరుణకిరణములు కాలువనీటిపై కుంకుమరేఖలు దిద్దుచుండ గట్టు పొడవునను నిలిచిన నారికేళతరుపంక్తుల నీడలు ఆ రేఖలను చెరిపి మరల దిద్దుకొననిచ్చుచుండెను. సింగవరపు రేవున క్రొత్తధాన్యపు బరువునకు నీటియంచుదాక క్రుంగిన రెండు పడవలు ప్రయాణసన్నద్ధములై నిలిచియుండగా వానికెదురుగా గట్టుపై గూర్చుండి యొక వృద్ధవర్తకుడు ధాన్యము కొలుచు ఇత్తడికట్టు కుంచమును చింతపండుతో తోముచుండెను.

ఆతడు భీమేశ్వరశ్రేష్ఠి. కాలువ వెంబడి పల్లెలవారికి శెట్టిగారన్న ఆతడొక్కడే. ఆ కుంచమును తోముట మొదట ఆతని యిల్లాలు కామాక్షమ్మ చేసెడి పని. ఆమె పరమపదించిన పిదప దానిని పనివారికి విడువక ఆతడే చేసికొనుచుండెను. ఆమె చేతులు నునుపుచేసిన యంచును తెల్లవారినంతనే తన చేతులు తాకుట ఆతనికి దైవము మరచిపోక మిగిల్చిన చిన్నదయగా తోచెడిది.

ఆతని వర్తకమున రహస్యమనదగినది లేకుండెను. కొనునపుడైనను అమ్మునపుడైనను ఎదుటివాడు చూచుచుండగా కుంచమును బోర్లించి అడుగున తట్టి లోపల గింజయు దుమ్మును అంటియుండలేదని చూపిన పిదపగాని ఆతడు కొలతకు పూనుకొనడు. ముప్పదియేండ్లుగా ఆ తట్టు చప్పుడు వినుచున్న రైతులు దానితో తమ పని ముగిసినట్లే యెంచి కొలతవైపు చూచుట మాని చుట్టలు ముట్టించుకొనెడివారు. ధనికులకు లోకమిచ్చు బిరుదులు పలువిధములు. శ్రేష్ఠికి లభించిన బిరుదు ఆ చుట్టపొగ.

ఆ సీమయందు ధాన్యము కొలుచువారు తొలి కుంచమును ఒకటి యని లెక్కింపరు. లాభము అందురు. తరువాతిది రెండు. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని మేలు కలుగవలెనని పెద్దలు ఒకటికి మారుగా నిలిపిన మంగళశబ్దమది. ఈ సంగతి అక్కడ పుట్టిన పసివారికిని తెలియును గనుక ఎవరును ఎవరికిని దానిని నేర్పిన పాపమున పోలేదు.

ఆ యేడు కోతలనాటికి శ్రేష్ఠి విషజ్వరమున మంచమెక్కెను. అదే సమయమున, గతించిన అన్నగారి కుమారుడు కేదారుడు రంగూనునుండి వచ్చి పినతండ్రి పంచన చేరెను. అచ్చటి కలపయడితిలో దుంగలను లెక్కించుచు పెరిగిన ఆ యువకుడు మితభాషి, కష్టజీవి, అబద్ధమెరుగనివాడు. ఒకమారు చూచిన సరకును మరువనివాడు. శ్రేష్ఠి కుంచమును ఆతని చేతికిచ్చి కళ్లములకు పంపెను. కేదారుడు పల్లె పల్లెకు తిరిగి పినతండ్రి నేర్పినట్లే కుంచమును తట్టి కొలిచి రాశులన్నిటిని రేవునకు చేర్చెను. జ్వరము తగ్గి కర్రయూతతో గట్టుకు వచ్చిన శ్రేష్ఠి నిండిన పడవలను చూచి ఇంటిభారము మోయుటకు మరొక భుజము దొరకినదని నిశ్చింతుడయ్యెను.

ఆ పడవలపై ఆతడు పెట్టుకొనిన యాశ యొకటి కలదు. కాకినాడలోని యొక బియ్యపుమిల్లువారు ఆ కాలువసీమ ధాన్యమంతయు తమకు కొనిపెట్టు అధికారమును ఒక్క వర్తకునికి ఈయనెంచి సరకును చూచి వెంటబెట్టుకొని వచ్చుటకై చిదంబరయ్యయను గుమాస్తాను పంపియుండిరి. కాలువల మరమ్మతునకై నాటి ప్రొద్దుగ్రుంకువేళ దిగువలాకు నీటితలుపులను మూయుదురని చాటింపు కలిగెను. ఆలోపల పడవలు లాకు దాటెనా, అధికారము శ్రేష్ఠిదై ఆతని తరువాత కేదారునికి జీవనాధారమగును. దాటకున్న అది మరొక వర్తకుని పాలగును.

పడవలు కదలనున్న తరుణమున ఆ యూరి రైతుపెద్ద అచ్చియమ్మ తన గోనెలకై రేవునకు వచ్చెను. భర్త పోయిన నాటినుండి ఇద్దరు కొడుకులను వెంటనిడుకొని సేద్యము నడుపుకొనుచున్న ఆమె నోటికి ఆ ప్రాంతమున జంకనివారు లేరు.

“లాభం ముందే తీసేసుకున్నారు కదండీ శెట్టిగారూ. గోనెలైనా మా మొహాన పడెయ్యమనండి” అని ఆమె పలుకగా శ్రేష్ఠి నవ్వబోయి ఆమె ముఖమున నవ్వు లేకుండుట చూచి యాగెను. ఏ లాభమని ఆతడడిగెను.

“మీ అబ్బాయి లాభం అని ఓ కుంచం పోశాడండి. ఆ తరవాత మళ్ళీ ఒకటి అని మొదలెట్టాడండి. రంగూను ఫేషనేమో అనుకున్నాం.”

“అప్పుడే అడక్కపోయావా అచ్చియమ్మా?”

“మీ కుంచం కదండీ. దాన్ని అడిగే అలవాటు మాకెక్కడేడిసింది. మావాళ్ళు చుట్టలు కాల్చుకుంటున్నారండి.”

ఆ తుదిమాట శ్రేష్ఠి హృదయమున ముల్లువలె దిగెను. ఆమె తిట్టియున్నను ఆతడింత నొచ్చుకొనకుండెడివాడు. పడవపై నిలిచిన కేదారుని పిలిచి యడుగగా ఆతడు తల వంచుకొనెను.

“అది లెక్క అని తెలీదు బాబాయ్. రంగూన్లో దుంగలు లెక్కపెట్టేముందు శ్రీరామ అనుకునేవాళ్ళం. ఇదీ అలాంటిదే అనుకున్నాను.”

అచ్చియమ్మ పమిటచెంగు నోటికడ్డము పెట్టుకొనెను. శ్రేష్ఠికిని నవ్వు వచ్చెను. నవ్వుతోడనే సంగతి యంతయు విశదమయ్యెను. కేదారుడు కొలిచిన ప్రతి రాశియందును ఒక కుంచము లెక్కకురాక ఆ పడవలలో చేరియున్నది. తట్టుట కంటికి కనబడు పని గనుక తాను నేర్పెను. లాభమను మాట తన యూపిరిలో కలిసిపోయినది గనుక నేర్పవలెనని తోచనే లేదు. ఏండ్లతరబడి చేసిన మంచి తనకు స్వభావమైపోయినపుడు అది పరులకు పుట్టుకతో రాదని మనుజుడు మరచును.

చిదంబరయ్య ఆకాశమువంక చూచి, తరువాత లాకు ఉన్న దిక్కు చూచి, ఇది పెద్ద విషయము కాదనియు సరకు చేరిన పిదప తీరికగా సర్దుకొనవచ్చుననియు హితవు చెప్పెను. కుంచెడు గింజలకు ఎవరేమనుకొందురని యడిగెను.

“ఏమీ అనుకోరండీ. నా భయం అదే” అనెను శ్రేష్ఠి. “ఈ ఏడు ఊరుకుంటారు. పై ఏటికి అదే మామూలైపోతుంది. ఆపైన నేను వద్దన్నా ఆగదు.”

ఇట్లనుచు ఆతడు కర్ర గట్టుపై విడిచి పడవలోనికి దిగెను. ఆ పల్లెలన్నియు కాలువ యొడ్డుననే యున్నవి. పడవలు పోవు త్రోవ అదియే. ప్రతి రేవునను ఆపి ఎవరి కుంచము వారికి కొలిచి యిచ్చి పోవుట ఆతని నిశ్చయము. లాకు మూతపడిననో యని చిదంబరయ్య యడుగగా, మూతపడిన తాను మరల తెరచువరకు బ్రతికియుండుటకు ప్రయత్నింతునని శ్రేష్ఠి నెమ్మదిగా బదులిచ్చెను. ఆ కంఠమున దుఃఖము గాని సాహసము గాని లేదు. నిత్యము నడచు త్రోవనే నాడును నడుచువాని ధీమా మాత్రమే యుండెను.

తొలి కుంచము అచ్చియమ్మది. కుంచెడు ధాన్యము మరల పుచ్చుకొని పిసినారియను పేరు తెచ్చుకొనజాలనని ఆమె మొరాయించెను. శ్రేష్ఠి వాదింపలేదు. కుంచమును బోర్లించి తట్టి రాశిగా నింపి ఆమె గోనెలో పోసి తన మాట పలికెను.

“లాభం.”

ఈయవలసినది ఒక్క కుంచమే గనుక ఆ మాట వెంబడి మరొక సంఖ్య రాలేదు. అచ్చియమ్మ కొంతసేపు గోనెవంకను కొంతసేపు శెట్టివంకను చూచి, ఇప్పుడా మాట తిన్నగా వినబడినదని చెప్పి, గట్టుపై నిలిచిన కొడుకుల చెవిలో ఏదో చెప్పి వెడలిపోయెను.

అచటినుండి ప్రతి రేవునను అదే తంతు జరిగెను. వ్రాతలతో పనిలేక కేదారుడు ఏ కళ్లమున ఏ రాశి కొలిచెనో గుర్తుచేసికొని పేరు పిలుచును. శ్రేష్ఠి కొలుచును. కొందరు తమకు తక్కువైన సంగతియే యెరుగరు. కొందరు ఎరిగియు మొగమాటమున దాచుకొనినవారు. ఒక చమత్కారి తనవి రెండు రాశులని వాదింపగా, ఆ రెండవది గడ్డివామి యనియు దానిపై అయ్యగారి దున్నపోతు పరుండియుండెననియు కేదారుడు తలయెత్తకయే చెప్పెను. గట్టంతయు నవ్వులతో దద్దరిల్లెను. ఉదయమునుండి వంచిన ఆ యువకుని తల ఆ నవ్వుతో మెల్లగా పైకి లేచుట శ్రేష్ఠి చూచి సంతసించెను. ఒక యిల్లాలు కుంచెడు ధాన్యము చేటలో పట్టుకొని పోయి అదే చేతితో ముంతెడు మజ్జిగ తెచ్చి జ్వరము దిగిన నోటికి పులుపు లేనిదని యిచ్చెను. అడుగకయే తన జ్వరమును తలచుకొనిన ఆ మజ్జిగను శ్రేష్ఠి చుక్క విడువక త్రాగెను.

అపరాహ్ణమయ్యెను. ఎదురుగాలి లేచెను. తెరచాప దింపి త్రాటితో గట్టు వెంబడి పడవలు లాగవలసివచ్చెను. చిదంబరయ్య పడవ కొనకొమ్మున కూర్చుండి సూర్యుని దిగుబాటును కొలుచుకొనుచుండెను. కాని యొక వింతను మొదట గ్రహించినది ఆతడే. ప్రతి రేవున ఆగి కదలిన పిదప పడవలు అంతకు ముందుకంటె వడిగా సాగుచుండెను. వెనుదిరిగి గట్టువంక చూడగా అచ్చియమ్మ కొడుకులిద్దరును సింగవరమునుండి త్రాటిని విడువక లాగుచుండిరి. వారి వెనుక ప్రతి పల్లెలోను కుంచము పుచ్చుకొని గింజలు ఇంట పోసివచ్చినవారు తలపాగాలు బిగించి ఒక్కొక్కరుగా చేరియుండిరి. వారిని పిలిచినవారు లేరు. శ్రేష్ఠి చేతులు జోడించి వలదని వారింపబోగా అచ్చియమ్మ పెద్దకొడుకు వెనుకకు చూడకయే బదులు చెప్పెను.

“మా అమ్మ లాకు దాటించి రమ్మందండి. దాటించకపోతే అన్నం పెట్టదండి.”

ఇక శ్రేష్ఠి వారింపలేదు. ఇచ్చుట నేర్చినవాడు పుచ్చుకొనుటయు నేర్వవలెనని కామాక్షమ్మ పలుమారు చెప్పెడిది. ఆ మాట తనకు నాటికిగాని వంటబట్టలేదని ఆతడు తలచుకొనెను. కొంతదూరము పోయిన పిదప చిదంబరయ్య తన సిల్కుకండువను మడిచి ప్రక్కనుంచి గట్టుకు దుమికి, త్రాటి కొసను తానును పట్టుకొనెను. ఆతని లాగుడు పడవకెంత సాయపడెనో చెప్పలేము గాని లాగువారి నవ్వులకు మాత్రము మిక్కిలి సాయపడెను.

పడమటికొండలేని యా సమతలసీమయందు సూర్యబింబము కొబ్బరిమట్టల నడుమ చిక్కుకొని దిగుటకు తడవుచేయుచుండ పడవలు లాకును చేరెను. తలుపులు త్రిప్పుటకు పూనుకొనిన కావలివారు, అంతమంది రైతులు ఒక వర్తకుని పడవను తామై లాగుకొనివచ్చుట ఎన్నడును చూడనివారై చేతులాపి చూచుచు నిలిచిరి. పడవలు దాటెను. తలుపులు వెనుక మూతపడెను.

కాకినాడలో సరకు సింగవరపు రేవున చిదంబరయ్య చూచి వ్రాసికొనిన మొత్తముకంటె కొంచెము తగ్గియుండుట బయటపడినది. అది దారిలో తన కన్నులయెదుటనే తగ్గినదనియు, అట్లు తగ్గించు వర్తకుని చేతికే సీమయంతయు ఈయదగుననియు చిదంబరయ్య మిల్లువారి ముందర స్వయముగా చెప్పెను. ఆతని అరచేతుల బొబ్బలు ఆ మాటకు సాక్ష్యమిచ్చెను. అధికారము శ్రేష్ఠికి దక్కెను.

మరుసటి యేడు కోతలనాడు అచ్చియమ్మ కళ్లమున స్వర్ణపర్వతమువంటి రాశి పోయబడెను. శ్రేష్ఠి దూరముగా వాలుమంచముపై కూర్చుండి, తన నోటినుండి ఒక్క మాటయు రానీయక, ఆ యుదయమున కేదారుడు తనకంటె ముందు లేచి తోమిన కుంచమును చూచుచుండెను. అంచు తళతళలాడుచుండెను. సంపదను ఒకనాటి వరదవలె తెచ్చుకొనినవారు కలరు. దినదినము ఒకే చోట ఒకే రీతిని చేయి వంచి, ఆ వంపునే తమ పేరుగా నిలుపుకొనినవారు కొలదిమంది. వరద తీసికొనిపోజాలనిది రెండవవారి సంపదయే.

కేదారుడు కుంచమును బోర్లించి తట్టెను. రైతులందరును చుట్టలు చేతబట్టుకొని, ముట్టింపక, ఆతని నోటివంక చూచుచుండిరి. చెరుగుచున్న అచ్చియమ్మ చేతిలోని చేట ఆగెను. ఆతడు రాశినుండి కుంచము నింపి గోనెలో పోసెను.

“లాభం” అనెను.

ఆతడు మరల వంగి మరియొక కుంచము నింపెను.

“రెండు.”

అచ్చియమ్మ చేట మరల కదలెను. రైతులు కొలతవైపునుండి మొగములు త్రిప్పుకొని వానదేవుని గూర్చియు ఎడ్లధరల గూర్చియు మాటలలో పడిరి. వారి నడుమనుండి తొలిచుట్ట పొగ సన్నని నీలిరేఖయై లేచి పచ్చనిరాశి మీదుగా ఆకసమునకు సాగిపోయెను.