అవతలి ఒడ్డు దాకా జెట్టీ

మా ఊళ్ళో తెల్లారేది గ్లెనిస్ తోసే చక్రాల కుర్చీ చప్పుడుతోనే. కూతురు బ్రయనీకి గొట్టం గుండా పాలు పట్టి, మెడ చుట్టూ తువ్వాలు కప్పి, సముద్రంలోకి చెక్కలతో కట్టిన జెట్టీ చివరిదాకా తోసుకెళ్ళి వెనక్కి తీసుకొస్తుంది. బ్రయనీ నడవదు, మాట్లాడదు. ఆ జబ్బుకి సరైన పేరైనా లేదు. నగరంలో డాక్టర్లు ఏవో అక్షరాలూ ఒక అంకె కలిపి చెప్పి, ఈ దేశంలో ఇది ఇంకెవరికైనా ఉన్నట్టు మాకు తెలియదన్నారు.

ఆ మాట విన్నప్పటినుంచీ గ్లెనిస్‌ది ఒకటే కోరిక. మందు దొరుకుతుందని ఆమె ఎప్పుడూ ఆశపడలేదు. ఇలాంటి బిడ్డను కన్న ఇంకో తల్లిని ఒక్కసారి చూడాలి, అంతే. గనుల్లో పనికని వెళ్ళిన మొగుడు అక్కడే ఉండిపోయాడు. ఊరివాళ్ళు మంచివాళ్ళే, కేకులు చేసి తెచ్చిస్తారు, కుశలం అడుగుతారు. కానీ ఆమె జవాబు చెబుతుంటే కళ్ళు ఎటో తిప్పుకుంటారు. అంతమంది మధ్యలోనూ ఆమె ఒంటరిదే.

ప్రతి వసంతంలోనూ గ్లెనిస్ జెట్టీ మీద నడక పెట్టేది. వచ్చినవాళ్ళు తోచిన డబ్బు బకెట్లో వేస్తే, అలాంటి అరుదైన జబ్బులున్న కుటుంబాలకి పంపేది. మొదటి ఏడాది ఊరంతా కదిలింది. ఉల్లిపాయలూ సాసేజీలూ కాలుస్తుంటే ఆ వాసనకి కుక్కలు కూడా నడిచాయి. మర్నాటికి జెట్టీ పొడుగు పెరిగింది. ఎంతమంది బ్రయనీ కోసం నడిస్తే అంత పెరిగింది. కొత్త చెక్కలు కూడా పాతవాటిలాగే ఉప్పు తిని బూడిదరంగులో ఉన్నాయి. కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఇంకో దీపస్తంభం పాతి వెళ్ళారు. చేపలు పట్టుకునే ముసలి క్లెమ్ మాత్రం, ఇప్పుడు చివరిదాకా నడవాలంటే మోకాళ్ళు అరుగుతున్నాయని రెండు రోజులు సణిగాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. జాలికీ అంతే, ఆయుష్షు తక్కువ. ఏటేటా మనుషులు పల్చబడ్డారు, జెట్టీ పెరగడమూ తగ్గింది. ఈ ఏడు నడకకి పెట్టిన శనివారమే ఫుట్‌బాల్ ఫైనల్ వచ్చిపడింది. మా జట్టు ఫైనల్‌కి వెళ్తుందని కలలోనైనా ఎవరనుకుంటారు? వాళ్ళాట చూసినవాళ్ళెవరూ అనుకోరు. ఇందులో గ్లెనిస్ తప్పేం లేదు.

"వాయిదా వెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు క్లెమ్, జట్టు కండువా మెడకి చుట్టుకుని కారెక్కుతూ.

"దీని జబ్బు వాయిదా వేసుకుంటుందా క్లెమ్?"

"అది కాదే... నేను కుర్రాడిగా ఉన్నప్పుడు గెలిచాం ఆఖరుసారి. మళ్ళీ చూడకుండానే పోతానేమో."

"వెళ్ళు, వెళ్ళు. గెలిచి రండి."

"నాకో సాసేజీ దాచిపెట్టు మరి" అన్నాడు ఆమెను నవ్వించాలని. ఆమె నవ్వలేదు. కార్లన్నీ వరసగా వెళ్ళిపోయాయి.

గ్లెనిస్ జెట్టీ మొదట్లో ఖాళీ బకెట్ పక్కన కూర్చుంది. ఎవరూ రాలేదు. పొయ్యి కూడా వెలిగించలేదు. సముద్రపు కాకులు వచ్చి చూసి, తినడానికేం లేదని తెలిసి ఎగిరిపోయాయి. అప్పుడామెకి ఏడుపొచ్చింది. ఇంక ఈ నడకలు వద్దు, ఇదే ఆఖరనుకుంది. బ్రయనీ కుర్చీ చేతిని టపటపా కొడుతోంది, పోదాం పద అన్నట్టు. ముక్కు తుడుచుకుని లేచి కుర్చీ తోసింది.

చివరికి చేరేసరికి అక్కడ చివర లేదు. చక్రాలు ముందుకి పోతున్నకొద్దీ వాటి కింద చెక్కలు అమరుతున్నాయి. గ్లెనిస్ ఆశ్చర్యపోలేదు, పాలవేళకి ఇంటికి చేరగలమా అని మాత్రం అనుకుంది. అయినా ఆగబుద్ధి కాలేదు. వెనక మా ఊరు సన్నబడి సన్నబడి గీతలా మిగిలింది.

ఎదురుగా ఎవరో వస్తున్నారు. నల్లటి జుట్టు ముడేసుకున్న పడుచుపిల్ల, పాతికేళ్ళుంటాయేమో, తోపుడుబండిలో ఒక పిల్లాణ్ణి తోసుకుంటూ వచ్చి ఆగింది.

"నా పేరు వూలా. అఖాతానికి అవతలి ఒడ్డు మాది" అంది ఆయాసపడుతూ. "ఇవాళ మా వాడికోసం ఊళ్ళో మొదటి నడక. అందరూ జెట్టీ చివరిదాకా వచ్చి తిరిగెళ్ళిపోయారు. నాకే ఆగబుద్ధి కాలేదు."

గ్లెనిస్ బండిలోకి వంగి చూసింది. పిల్లాడు రెండు పిడికిళ్ళూ గడ్డం కింద పెట్టుకుని గాలికేసి నవ్వుతున్నాడు. బ్రయనీ పుట్టినప్పటినుంచీ నవ్వేది అచ్చం అలాగే.

ఏళ్ళ తరబడి దాచుకున్న ప్రశ్నలన్నీ గ్లెనిస్‌కి గొంతుదాకా వచ్చాయి. ఏది ముందు అడగాలో తేల్చుకునేలోపే వూలా అడిగేసింది.

"మీ పాప రాత్రిళ్ళు నిద్రపోతుందా?"

"ఎడమవైపు తిప్పి పడుకోబెడితే పోతుంది. కుడివైపైతే తెల్లారేదాకా జాగారమే."

"ఎడమవైపా..." వూలా ఆ మాట మూటగట్టుకున్నట్టు తల ఊపింది. తర్వాత పిల్లాడి కాలిమేజోడు సర్దుతూ, మొహం పైకెత్తకుండా అంది. "మావాడు మూడేళ్ళు దాటడన్నారు డాక్టర్లు. వచ్చే నెలకి మూడు నిండుతాయి. పుట్టినరోజు కేకు చెప్పాలో వద్దో తెలీక..." తలెత్తి బ్రయనీ వైపు చూసింది. "మీ పాపకి ఎన్నేళ్ళు?"

గ్లెనిస్ నోరు తెరిచింది. అడగాల్సినవన్నీ అడక్కుండానే ఉండిపోయాయి.

"పద్నాలుగు" అంది.

వూలా ఉన్నచోటే చెక్కల మీద కూలబడింది.

"ఇంకోసారి చెప్పరా?"

గ్లెనిస్ ఆమె పక్కన చతికిలబడి, చెయ్యి చేతిలోకి తీసుకుని, ఇంకోసారి చెప్పింది.